అరువు మాటలు, ఏఐ సాయాలు: విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. 2022 నవంబరు ఆఖరున చాట్‌జీపీటీ అందరికీ అందుబాటులోకి వచ్చాక, విశ్వవిద్యాలయాల్లో గ్రంథచౌర్యం గురించి ఇదివరకే ఉన్న సందేహాలకు ఏఐ సందేహాలు తోడయ్యాయి. అడిగినవారు వేరువేరు చదువులవారైనా, అందరికీ నేను వేసే ఎదురు ప్రశ్న మాత్రం ఒక్కటే: మీ పత్రంలో ఏ వాక్యం మీద వేలు పెట్టి అడిగినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు నమ్మాలో మీరు చెప్పగలరా? కింది జవాబులను ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చదవగలరు.

ప్రశ్న: థీసిస్ సమర్పించాలంటే సాఫ్ట్‌వేర్ చూపే సిమిలారిటీ (ఇతర రాతలతో మాటల పోలిక) 10 శాతం లోపు ఉండాలని మా విభాగంలో నియమం. నాకు మొదట 23 శాతం వచ్చింది. ఒక ఆన్‌లైన్ సాధనంతో పదాలు మార్చి 9కి తీసుకొచ్చాను. ఇక నా థీసిస్‌లో గ్రంథచౌర్యం లేనట్టేనా?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: అలా అనుకోవడానికి వీల్లేదు. 23 శాతం ఉన్నప్పుడు మీ థీసిస్ నిర్దోషంగా ఉండి, 9కి తెచ్చాక దోషం చేరి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ చేసే పని చాలా పరిమితమైనది. అది మీ వాక్యాలను వెబ్ పేజీలతోనూ, పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలతోనూ, ఇదివరకు ఇతరులు సమర్పించిన పత్రాలతోనూ పోల్చి, మాటల వరుస ఎక్కడ కలిసిందో రంగు వేసి చూపుతుంది. అలా కలిసినవాటిలో మీరు కొటేషన్ గుర్తులు పెట్టి, మూలం పేర్కొని తీసుకున్న వాక్యాలూ ఉంటాయి, రిఫరెన్సుల జాబితా కూడా ఉంటుంది, ప్రయోగ పద్ధతిని వర్ణించేటప్పుడు ఆ రంగంలో అందరూ ఒకే తీరున వాడే మాటలూ ఉంటాయి. వీటిని లెక్కలోంచి తీసేసే సదుపాయం ఉన్నా అన్నిచోట్లా దాన్ని వాడరు. మరోవైపు, ఒకరి వాదనను మొత్తంగా ఎత్తుకొచ్చి పదాలు మాత్రమే మార్చితే ఆ రిపోర్టులో ఒక్క గీత కూడా పడకపోవచ్చు. కాబట్టి శాతాన్ని పక్కన పెట్టి, రంగు పడిన ప్రతి భాగాన్నీ విడివిడిగా చూడండి. అక్కడ మూలం చెప్పారా, మాటలు యథాతథమైతే గుర్తులు పెట్టారా అన్నదే అసలు పరీక్ష.

మీరు చేసిన పదాల మార్పు ఎలాంటిదో చిన్న ఉదాహరణతో చూపిస్తాను. మూలంలో ఇలా ఉందనుకుందాం: "నిద్రలో మెదడు పగలు నేర్చుకున్న విషయాన్ని మరోసారి తిరగేస్తుంది, అందువల్ల చదివిన వెంటనే నిద్రపోయినవారికి, మేలుకొని ఉన్నవారికంటే అది ఎక్కువగా గుర్తుంటుంది." పదాలు మార్చే సాధనం దీన్ని ఇలా చేస్తుంది: "సుషుప్తిలో మస్తిష్కం పగటిపూట అభ్యసించిన అంశాన్ని పునశ్చరణ చేస్తుంది, కాబట్టి పఠించిన తక్షణమే నిద్రించినవారికి, జాగృతంగా ఉన్నవారికన్నా అది అధికంగా జ్ఞాపకముంటుంది." మాటల వరుస ఎక్కడా కలవలేదు కనుక సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది. అయినా వాక్యం ఎముకల గూడు మొత్తం మూలరచయితదే, పైగా చదవడానికి అధ్వానంగా తయారైంది. దీని కింద మూలం పేరు లేకపోతే అది చౌర్యమే, పేరు ఉన్నా సరైన రాత కాదు. అదే విషయాన్ని నిజంగా అర్థం చేసుకున్న విద్యార్థి ఇలా రాయవచ్చు: "చదువుకూ పరీక్షకూ మధ్య నిద్ర ఉన్నదీ లేనిదీ ఫలితాన్ని మార్చగలదని ఫలానా రచయిత వాదన. నా ప్రయోగంలో పాఠమూ పరీక్షా ఒకే ఉదయం జరిగాయి కనుక ఆ ప్రభావం ఇక్కడ చేరే అవకాశం లేదు." ఇందులో తీసుకున్నది ఎంతో, ఎవరి నుంచి తీసుకున్నారో, దానితో మీకు పనేమిటో మూడూ కనిపిస్తున్నాయి.

పదాలు మార్చే సాధనాల నిర్వాకం పరిశోధన ప్రపంచంలో ఇప్పటికే రచ్చకెక్కింది. 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు, పరిశోధన పత్రాల్లో ఎవరూ వాడని వింత పదబంధాలను పట్టుకున్నారు. బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా 'బూసమ్ పెరిల్' అయింది, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయింది. కాపీ పట్టుబడకూడదని చేసిన పనే కాపీకి సాక్ష్యమైంది. మీ థీసిస్‌లోని పారిభాషిక పదాలు ఇలా చెడిపోలేదని ముందుగా నిర్ధారించుకోండి.

ఇవాళ్టి రిపోర్టు దాటినంత మాత్రాన వ్యవహారం తేలిపోయినట్టూ కాదు. జర్మనీలో విద్యా, పరిశోధన శాఖల మంత్రిగా ఉన్న అనెట్టె షావాన్ 1980లో సమర్పించిన థీసిస్‌ను డ్యూసెల్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయం మళ్లీ పరిశీలించి, 2013 ఫిబ్రవరిలో డాక్టరేట్‌ను రద్దు చేసింది. కొద్ది రోజులకే ఆమె పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. (ఆ థీసిస్ రాసింది మనిషి అంతరాత్మ గురించి కావడం విధి విలాసం.) అంతకు రెండేళ్ల ముందు, 2011లో, అదే దేశపు రక్షణ మంత్రి గుటెన్‌బర్గ్ థీసిస్‌ను స్వచ్ఛంద పాఠకులు పేజీ పేజీకీ మూలాలతో పక్కపక్కన పెట్టి చూపాక, ఆయనకూ డిగ్రీ, పదవి రెండూ పోయాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది: మార్చిన భాగాలను పాత రూపంలోకి తెచ్చుకోండి. ప్రతి భాగానికీ మూలాన్ని మళ్లీ చదివి, మూసేసి, మీకు అర్థమైనది మీ మాటల్లో రాసి, తిరిగి మూలంతో సరిచూడండి. రచయిత మాటలే అవసరమైన చోట నిస్సంకోచంగా కొటేషన్ గుర్తులు పెట్టండి. అప్పటికీ శాతం 10 దాటితే, రిపోర్టుతో గైడ్ దగ్గరకు వెళ్లి ఏ భాగం ఎందుకు కలిసిందో వివరించండి. ఇకముందు నోట్సు రాసుకునేటప్పుడే యథాతథంగా ఎత్తిరాసిన వాక్యానికి ఆ క్షణాన్నే గుర్తులు, పక్కన పేజీ సంఖ్య పెట్టండి. తెలియకుండా జరిగిందని విద్యార్థులు చెప్పే కాపీలు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఆరు నెలల తరువాత నోట్సు తీస్తే, ఏది ఎవరి వాక్యమో రాసినవారికే తెలియదు.

ప్రశ్న: నాకు విషయం తెలుసు కానీ ఇంగ్లీషులో రాయడం కష్టం. నేను రాసిన పేరాలను చాట్‌జీపీటీకి ఇచ్చి భాష సరిదిద్దమంటాను. ఇది తప్పా? ఆ సంగతి ఎక్కడైనా చెప్పాలా?
— పీజీ విద్యార్థి

జవాబు: దీన్ని మీ కోర్సు నియమమే తేల్చాలి. నియమం రాసి లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదు కనుక, గైడ్‌ను ఈ-మెయిల్‌లో అడిగి జవాబును దాచుకోండి. భాషను నేర్పే కోర్సులో వ్యాకరణం దిద్దించుకుంటే, ఏ నైపుణ్యానికి మార్కులు వేస్తున్నారో దాన్నే మరొకరి చేత చేయించినట్టవుతుంది. రసాయనశాస్త్ర వ్యాసంలో ఆ సాయాన్నే చాలామంది అధ్యాపకులు అనుమతిస్తారు. నా మటుకు నేను భాష దిద్దుబాటును తప్పుపట్టను, కానీ అక్కడితో ఆగడం చెప్పినంత తేలిక కాదు. 'వ్యాకరణం సరిచెయ్యి' అన్నది ఒక రోజు, 'బాగా రాయి' అన్నది మరునాడు, 'ఇంకో రెండు కారణాలు చేర్చు' అన్నది ఆ మరునాడు అవుతుంది. మూడో మెట్టు మీద కాలు పెట్టేసరికి ఆలోచన మీది కాకుండా పోతుంది.

దిద్దుబాటులోనూ ఒక ప్రమాదం ఉంది. మీరు "ఈ రెంటికీ సంబంధం ఉండవచ్చు" అని జాగ్రత్తగా రాసిన వాక్యం, సాఫీగా మారే క్రమంలో "మొదటిది రెండవదానికి కారణమవుతుంది" అని తిరిగి రావచ్చు. చదవడానికి రెండోదే హాయిగా ఉంటుంది, కానీ మీ దత్తాంశం ఆ మాట అనలేదు. వైవాలో పరీక్షకుడు ఆ వాక్యాన్నే పట్టుకుంటే, సాధనం రాసిందని తప్పించుకోలేరు. అందుకని పేరా మొత్తాన్ని తిరగరాయించుకోకుండా, తప్పులను జాబితాగా చూపమని అడగండి. దిద్దడం మీ చేత్తో మీరే చేయండి. కాస్త ఆలస్యమైనా, ఆ తప్పు మరోసారి రాకుండా ఉంటుంది.

చెప్పాలా అన్నదానికి నా జవాబు, చెప్పడమే మేలని. పరిశోధన పత్రికల్లో ఈ విషయం చాలా వరకు స్థిరపడింది. ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలోనే, ఏఐ సాధనాలు రచయితలుగా ఉండజాలవని, రాసినదానికి బాధ్యత వహించే శక్తి వాటికి లేదని, వాడితే ఎలా వాడారో వెల్లడించాలని ప్రకటించింది. 'సైన్స్' అనే పరిశోధన పత్రిక 2023 జనవరిలో ఏఐ రాసిన పాఠాన్ని పూర్తిగా నిషేధించి, అదే సంవత్సరం నవంబరులో, వెల్లడిస్తే వాడుకోవచ్చని విధానాన్ని సడలించింది. అంటే వాడకం పట్ల వైఖరి మారినా, దాచడం పట్ల మారలేదు. మీ పత్రం చివర ఇలా నాలుగు వాక్యాలు చాలు: "ఈ వ్యాసం తొలి ముసాయిదాను పూర్తిగా నేనే రాశాను. రెండవ, మూడవ అధ్యాయాల్లో వ్యాకరణ దోషాలను గుర్తించడానికి ఫలానా సాధనాన్ని ఫలానా నెలలో వాడాను. అది సూచించిన మార్పుల్లో అర్థం మారనివాటినే స్వీకరించాను. వాదన, విశ్లేషణ, ఆధారాల ఎంపిక నావి." సాధనం ఇచ్చిన పాఠాన్నే ఉటంకించవలసి వస్తే, మీ విభాగం పాటించే శైలి ఏదో కనుక్కోండి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఆ సాధనాన్ని తయారుచేసిన సంస్థను కర్త స్థానంలో ఉంచమంటుంది, ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలి కర్త స్థానాన్ని వదిలేసి ప్రాంప్ట్ (సాధనాన్ని మీరు అడిగిన మాట) వివరంతో మొదలుపెట్టమంటుంది.

ఒక్క హెచ్చరిక. మీరు ఇంటర్వ్యూ చేసిన మనుషుల మాటలను, రోగుల వివరాలను, మీకు నమ్మి ఇచ్చిన అముద్రిత పత్రాలను ఇలాంటి సాధనాల్లో అతికించకండి. వారు మీకిచ్చిన అనుమతి అంతదూరం రాదు.

ప్రశ్న: ప్రాజెక్టు రిపోర్టుకు ఏఐని రిఫరెన్సులు అడిగితే రచయితలు, సంవత్సరాలు, డీవోఐ సంఖ్యలతో (ఆన్‌లైన్‌లో వ్యాసాన్ని గుర్తించే ప్రత్యేక సంఖ్యలు) సహా పన్నెండు ఇచ్చింది. లైబ్రరీలో వెతికితే కొన్ని దొరకలేదు. డీవోఐ ఉన్నాక అవి నిజమైనవే కదా?
— డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి

జవాబు: కాకపోవచ్చు. ఈ సాధనాలు ముందున్న మాటలను బట్టి తరువాత రాగల మాటను ఊహించి వాక్యం అల్లుతాయి. రిఫరెన్సు ఎలా ఉంటుందో వాటికి బాగా తెలుసు కనుక, ఆ రంగంలో పేరున్న రచయితను, నమ్మశక్యమైన శీర్షికను, నిజంగానే ఉన్న పత్రికను కలిపి, లేని వ్యాసాన్ని పుట్టించగలవు. డీవోఐ సంఖ్య కూడా అదే తీరున పుడుతుంది. ఆ సంఖ్యను డీవోఐ సంస్థ వెబ్‌సైటులో వేసి చూడండి. కల్పించినదైతే దొరకలేదని వస్తుంది, లేదా సంబంధం లేని మరో వ్యాసం తెరుచుకుంటుంది. వ్యాసం నిజంగా ఉన్నా రచయిత, సంవత్సరం, సంపుటి సరిపోయాయో చూడాలి. ఆ తరువాత, విద్యార్థులు ఎక్కువగా వదిలేసే మెట్టు ఒకటుంది: ఆ వ్యాసం మీరు చెప్పించదలచిన మాట చెబుతోందా? ఇంటర్నెట్‌లో వెతికి లింకులు ఇచ్చే కొత్త సాధనాల్లో లేని వ్యాసాల బెడద తగ్గింది గానీ, ఉన్న వ్యాసానికి లేని అభిప్రాయాన్ని అంటగట్టడం పోలేదు.

అనుమానం వచ్చి సాధనాన్నే 'ఇవి నిజమేనా' అని అడిగితే లాభం లేదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఒక విమాన సంస్థ మీద వేసిన దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఉదహరించారు. వారిలో ఒకరు అవి నిజమైనవేనా అని ఆ సాధనాన్నే అడిగారు, నిజమేనని అది భరోసా ఇచ్చింది. ఆ జూన్‌లో న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా వేశారు. మీరు మీ పన్నెండింటిలో దొరికినవాటిని చదవండి, దొరకనివాటిని తీసేయండి. చదవని వ్యాసాన్ని రిఫరెన్సుల్లో చేర్చడం ఏఐ రాకముందు కూడా తప్పే.

ప్రశ్న: ఒక ఇంగ్లీషు వ్యాసంలోని మూడు పేజీలను నేనే తెలుగులోకి అనువదించి నా ఎం.ఫిల్. వ్యాసంలో వాడుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఏమీ పట్టుకోలేదు. అనువాదం నా శ్రమే కదా?

జవాబు: శ్రమ మీదే, ఆలోచన మాత్రం వారిది. 'అనువాదం నాది' అని చెప్పి, మూల రచయిత పేరు, పేజీలు పేర్కొంటే అది గౌరవప్రదమైన పని. చెప్పకపోతే, భాష మారిన కాపీ. మూడు పేజీలు ఏకబిగిన ఎందుకు కావలసి వచ్చాయో కూడా ఆలోచించండి. మీ వాదనకు నిజంగా పనికొచ్చేది అందులో ఒక పేరా అయి ఉంటుంది. దాన్ని మాత్రమే అనువదించి ఉంచి, మిగతాదాన్ని నాలుగు వాక్యాల్లో సంగ్రహించి, ఆ పైన మీరు ఒప్పుకునేదీ ఒప్పుకోనిదీ రాయండి.

ప్రశ్న: పోయిన సెమిస్టర్‌లో నేనే రాసిన అసైన్‌మెంట్‌లో కొంత ఈసారి వాడుకోవచ్చా? నా రాతను నేను దొంగిలించడమేమిటి?

జవాబు: దొంగతనం అనే మాట మీకు నచ్చకపోతే వదిలేద్దాం. ఒకే పనికి రెండుసార్లు మార్కులు తీసుకోవడం మాత్రం కుదరదు. అధ్యాపకుడిని అడిగి, పాత అసైన్‌మెంట్‌ను మూలంగా పేర్కొని వాడుకోవచ్చు.

ప్రశ్న: నేను సొంతంగా రాసిన వ్యాసాన్ని ఏఐ రాసిందని డిటెక్టర్ చూపిందట. విభాగం వివరణ అడిగింది. 'హ్యూమనైజర్'లో వేసి మళ్లీ సమర్పించమని స్నేహితులు అంటున్నారు. చాలా భయంగా ఉంది.
— ఎం.ఎస్సీ. విద్యార్థిని

జవాబు: ముందుగా, స్నేహితుల సలహాను పాటించకండి. హ్యూమనైజర్ అంటే మీ వాక్యాలను యంత్రం చేత తిరగరాయించే మరో సాధనం. ఇప్పటిదాకా మీ మీద ఉన్న ఆరోపణ అబద్ధం, ఆ పని చేశాక అది నిజమవుతుంది.

డిటెక్టర్ ఇచ్చేది అంచనా మాత్రమే. సిమిలారిటీ రిపోర్టులో కనీసం మూలం ఏదో పక్కన చూపిస్తారు, మనం తెరిచి సరిచూసుకోవచ్చు. డిటెక్టర్ దగ్గర అలా చూపడానికి ఏమీ ఉండదు. మాటల వరుస ఎంత ఊహకు అందేలా ఉందన్నది కొలిచి అది సంఖ్య ఇస్తుంది కనుక, సరళమైన పదాలతో పద్ధతిగా రాసేవారు అందులో చిక్కుకుంటారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి గుర్తింపు సాధనాన్ని విడుదల చేసింది. ఆ సంస్థ పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్ని మాత్రమే గుర్తుపట్టింది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐవని పొరబడింది. కచ్చితత్వం చాలదని అదే ఏడాది జూలైలో దాన్ని ఉపసంహరించుకున్నారు. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు, ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు భాషా పరీక్ష) వ్యాసాలను ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలు ఏఐ రాసినవిగా తేలాయి. ఆ తరువాత సాధనాలు మెరుగుపడ్డాయని తయారీదారులు చెప్పవచ్చు, అయినా ఒక్క సంఖ్యను పట్టుకొని విద్యార్థికి శిక్ష వేయడం నా దృష్టిలో అన్యాయమే. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో, టర్నిటిన్ అనే కాపీ తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ డిటెక్టర్‌ను వాడడం ఆపేసింది.

వివరణలో కోపం, కన్నీళ్లు వద్దు. రాత ఎలా పెరిగిందో చూపించండి. మీరు గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఏ పేరా చేరిందో, ఏది కొట్టేశారో ఉంటుంది. చేతిరాత నోట్సు, లైబ్రరీలో తీసుకున్న పుస్తకాల వివరాలు, గైడ్‌కు పంపిన పాత డ్రాఫ్టులు జత చేయండి. ఆ వ్యాసం మీద మౌఖికంగా ప్రశ్నలు అడగమని మీరే కోరండి. ఏ విషయాన్ని ఎందుకు వదిలేశారో చెప్పగలగడం చాలా బలమైన సాక్ష్యం, ఎందుకంటే వదిలేసిన విషయం వ్యాసంలో కనిపించదు, ఆలోచించినవారికే తెలుస్తుంది. వ్యాకరణం చూసుకోవడానికి ఏదైనా సాధనం వాడి ఉంటే ఆ సంగతీ ఇప్పుడే చెప్పండి, తరువాత బయటపడితే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ప్రశ్న: నేను అధ్యాపకుడిని. ఏఐని పూర్తిగా నిషేధించాలని కొందరు, స్వేచ్ఛగా వదిలేయాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: రెండూ తరగతిలో నిలవవు. నిషేధాన్ని అమలు చేసే సాధనం మన దగ్గర లేదని పై ఉత్తరమే చెబుతోంది. వదిలేస్తే, నిజాయతీగా కూర్చుని రాసినవారు నష్టపోతారు. కోర్సు మొత్తానికి ఒకే నియమం పెట్టకుండా, ప్రతి అసైన్‌మెంట్ కాగితం మీద ప్రశ్న కిందనే అనుమతించినదీ అనుమతించనిదీ రాయండి: "విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఏఐని ప్రశ్నలు అడగవచ్చు, వ్యాసంలోని వాక్యాలు దానివి కాకూడదు, వాడిన ప్రాంప్టులను చివర జతచేయాలి" అన్నంత స్పష్టంగా. ఆఖరి ప్రతితో పాటు మొదటి డ్రాఫ్టును, నోట్సును కూడా అడిగి, వాటికి కొన్ని మార్కులు కేటాయించండి. తరగతి పెద్దదైతే అందరినీ మౌఖికంగా పరీక్షించడం సాధ్యం కాదు కనుక, కొందరిని చీటీ తీసి పిలవండి, చీటీ ఎవరి పేరు మీదైనా రావచ్చని ముందే ప్రకటించండి. మీరు కూడా ప్రశ్నపత్రం తయారీకో, వ్యాసాలు దిద్దడానికో ఏఐని వాడుతుంటే, ఆ విషయాన్ని విద్యార్థులకు మొదటి తరగతిలోనే చెప్పండి.